మ్యాపులో చుక్క పెట్టే ముందు

లొకేషన్ వివరాలు కొత్తగా సేకరించేవారికి అంచెలంచెలుగా ఒక మార్గదర్శి

కావలి నుంచి కృష్ణపట్నం దాకా నెల్లూరు తీరం వెంట ఏ ఊరికి వెళ్లినా ఏదో ఒక సర్వే నడుస్తూనే ఉంటుంది. ఇళ్లకు జియోట్యాగ్ వేసేవారు, రొయ్యల గుంటల కొలతలు నమోదు చేసేవారు, తుపాను వస్తే ముందుగా ఎవరిని తరలించాలో జాబితా రాసుకునేవారు, క్యాంపుకు వచ్చిన కాలేజీ పిల్లలు, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు. అందరి చేతిలోనూ ఫోనే. చేసే పనీ దాదాపు ఒకటే: గడప ముందు నిలబడి లొకేషన్ నొక్కడం, దాని పక్కన ఆ ఇంటి గురించి నాలుగు మాటలు రాయడం.

ఆ చుక్క తర్వాత ఎన్ని చేతులు మారుతుందో ఆ ఇంటివాళ్లకు తెలియదు. చాలాసార్లు చుక్క పెట్టినవాళ్లకూ తెలియదు. ఈ పని కొత్తగా మొదలుపెట్టేవారి కోసం ఈ మార్గదర్శి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. ఒక ఫోను, ఒక కంప్యూటరు, ఎదుటి మనిషి మీద కాస్త పట్టింపు ఉంటే చాలు.

ఉదాహరణకు ఒకే పనిని మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని వెళ్దాం: తీరపు ఊళ్లలో తాగునీటి ఉప్పదనాన్ని కొలిచి మ్యాపు గీయడం. ఇది ఇక్కడి అసలైన సమస్య. 1990లలో రొయ్యల సాగు ఈ తీరమంతా పరుచుకుంది. 1996 డిసెంబరు 11న ఎస్. జగన్నాథ్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, గుంటల వల్ల మంచినీటి బావులు ఉప్పబారడం ఒక ముఖ్యాంశం. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఆ తర్వాత కూడా నీళ్లు కొలిచేవాళ్ల అవసరం తీరలేదు.

పేరు రాయకపోయినా మనిషి దొరుకుతాడు

బకింగ్‌హాం కాలువకూ సముద్రానికీ మధ్య ఇసుక మీద ఇరవై ఇళ్ల పాళెం ఒకటి ఉందనుకుందాం. ఒక ఇంటి బోరులో టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల మొత్తం, లీటరుకు 3,000 మిల్లీగ్రాములు వచ్చింది. తాగునీటికి భారతీయ ప్రమాణం 500. వేరే దిక్కు లేనప్పుడు 2,000 వరకు ఒప్పుకుంటారు. ఇంటాయన చెప్పాడు: "పక్క గుంటలోకి ఉప్పునీళ్లు తోడినప్పటి నుంచే ఇట్లా అయింది." మీరు ఆయన పేరు రాయలేదు. చుక్క పెట్టి, పక్కన ఆ మాట రాశారు. మ్యాపు ఊళ్లో తిరిగింది.

ఆయన కాపలా ఉండేది ఆ గుంట దగ్గరే. కూతురి పెళ్లికి అడ్వాన్సు తీసుకుంది ఆ గుంట యజమాని దగ్గరే. మ్యాపు చూసిన యజమానికి పేరుతో పనేముంది? చుక్క చాలు.

నా ఉద్దేశంలో లొకేషన్ వివరాల గోప్యత అంటే ఇదీ. ఎక్కడో దూరాన ఉన్న హ్యాకర్ల కంటే, అదే ఊళ్లో ఆ కుటుంబం మీద పెత్తనం ఉన్నవాళ్ల చేతికి మన మ్యాపు ఏం అందిస్తుందన్నది ముందు ఆలోచించాలి. గుంటల మీద, కూలి మీద, అప్పుల మీద బతికే యానాది కుటుంబాల విషయంలో ఈ ఆలోచన మరింత అవసరం.

పేరు తీసేస్తే సరిపోతుందన్న నమ్మకం తప్పని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. 2013లో ఈవ్ అలెగ్జాండర్ ద మాంజోయ్ బృందం 15 లక్షల మంది ఫోను వినియోగదారుల 15 నెలల కదలికలను పరిశీలించింది. ఫలానా గంటలో ఫలానా టవరు పరిధిలో ఉన్నాడని తెలిపే ఆనవాళ్లు నాలుగు దొరికితే చాలు, నూటికి 95 మందిని మిగతా అందరి నుంచి వేరుచేసి పట్టుకోవచ్చని తేలింది.

మన న్యాయస్థానాలూ ఈ విషయాన్ని గట్టిగానే పట్టించుకున్నాయి. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. అందులో మన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ కూడా ఒకరు. 2024 జూలై 8న ఫ్రాంక్ వైటస్ కేసులో, బెయిలు మీద ఉన్న మనిషి తన గూగుల్ మ్యాప్ పిన్ను దర్యాప్తు అధికారికి కనపడేలా పెట్టాలన్న షరతును సుప్రీంకోర్టు కొట్టేసింది. నిందితుడికే ఆ హక్కు ఉన్నప్పుడు, మంచినీళ్లు అడిగిన ఇంటికి ఉండదా?

1. ముందు ప్రశ్న రాయండి, ఆ తర్వాతే ఫోను తీయండి

"ఈ మ్యాపుతో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు?" దీనికి జవాబు ఒక్క వాక్యంలో కాగితం మీద రాయండి. ఎంత కచ్చితమైన లొకేషన్ కావాలో ఆ వాక్యమే చెబుతుంది.

- ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు మండలాల్లో ఎక్కడ సమస్య ఎక్కువో పోల్చాలంటే పంచాయతీ పేరు చాలు. జీపీఎస్ అక్కర్లేదు.
- కొత్త మంచినీటి ట్యాంకు ఏ పాళేనికి ముందు ఇవ్వాలో తేల్చాలంటే పాళెం పేరు, ఇళ్ల సంఖ్య కావాలి. ఇంటింటి చుక్క అక్కర్లేదు.
- ఇప్పుడు కొలిచిన బోరునే ఎండాకాలంలో మళ్లీ కొలవాలంటే కచ్చితమైన చుక్క కావాలి. అది బృందం దగ్గర మాత్రమే ఉండాలి.
- తుపాను రాత్రి మంచం పట్టిన ముసలమ్మను ఎత్తుకు రావాలంటే గుమ్మం దాకా దారి తెలియాలి. ఆ జాబితా తరలింపు బాధ్యత ఉన్నవాళ్ల దగ్గరే ఉండాలి. ఊరి వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు.

చివరి రెండూ చూడండి. కచ్చితమైన చుక్క తప్పని పనులూ ఉన్నాయి. ప్రాణాలు కాపాడే పనిలో వివరాలు మసకబార్చడం మంచిది కాదు. పని అడిగినంత కచ్చితత్వం తీసుకోవాలి, దాన్ని ఆ పని చేసేవాళ్ల దగ్గరే ఉంచాలి. మిగతా అంచెలన్నీ ఈ సూత్రం నుంచి వచ్చేవే.

2. మీ ఫోనును సిద్ధం చేసుకోండి

ఊరికి బయలుదేరే ముందు రోజు ఈ నాలుగూ చూసుకోండి.

కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆపేయండి. అది పనిచేస్తుంటే మీరు తీసే ప్రతి ఫొటో లోపల అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం దాగి ఉంటాయి.

లొకేషన్ అనుమతులు తెరిచి, సర్వే యాప్‌కు తప్ప మిగతా వాటికి ఆపేయండి. ఆండ్రాయిడ్ 12 నుంచి, ఐఫోన్‌లో ఐఓఎస్ 14 నుంచి ప్రతి యాప్‌కూ "కచ్చితమైన" లొకేషన్ ఇవ్వాలా, "ఉజ్జాయింపు" లొకేషన్ చాలా అని ఎంచుకోవచ్చు. వాతావరణం చూపే యాప్‌కు ఉజ్జాయింపు చాలు.

కోబో టూల్‌బాక్స్, ఓడీకే కలెక్ట్ లాంటి ఉచిత సర్వే యాప్‌లు వాడుతుంటే, ఫారం తయారుచేసేటప్పుడు అది చాటున ఏమేం రాసుకుంటోందో చూడండి. మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం, ఫోను గుర్తింపు సంఖ్య లాంటివి అందులో చేరవచ్చు. అవి సర్వే చేసే అమ్మాయి ఏ గంటకు ఏ ఊళ్లో ఒంటరిగా ఉంటుందో చెప్పగల వివరాలు. సర్వే చేసేవాళ్ల గోప్యత కూడా గోప్యతే. అవసరం లేని గళ్లు తీసేయండి.

ఫోనుకు స్క్రీన్ లాక్ పెట్టండి. పడవ ఎక్కేటప్పుడో బస్సులోనో ఫోను పోతే, ఊరంతటి వివరాలూ దానితోనే పోతాయి.

3. అడగండి, అర్థమయ్యేలా అడగండి

పట్టపుపాళేల్లోకి, అంటే మత్స్యకారుల ఊళ్లలోకి, వెళ్లాలంటే ముందు ఊరి పెద్దలను కలవడం మర్యాద. వాళ్లు సరేనంటే ఊళ్లోకి దారి దొరుకుతుంది. అంతమాత్రాన ప్రతి ఇంటి ఒప్పుకోలూ దొరికినట్టు కాదు. ఇంటి చుక్కకు ఇంటివాళ్లనే అడగాలి. గుంట యజమానో, అప్పిచ్చినాయనో, నాయకుడో పక్కన నిలబడి ఉన్నప్పుడు అడిగితే వచ్చే "సరే"కు విలువ లేదు. ఇంకోసారి వెళ్లండి.

మాటలు ఇలా ఉండవచ్చు:

"అక్కా, మీ బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉన్నాయో కొలుస్తాం. బోరు ఎక్కడుందో ఫోన్లో గుర్తు పెట్టుకుంటాం, ఎండాకాలంలో మళ్లీ వచ్చి ఇదే బోరు కొలవాలి గదా, అందుకు. ఆ గుర్తు మా ఇద్దరి దగ్గరే ఉంటుంది. అందరికీ చూపించే మ్యాపులో పంచాయతీ పేరు దాకానే ఉంటుంది, మీ ఇల్లు కనపడదు. ఏడాది అయినాక ఆ గుర్తు తీసేస్తాం. మీకు ఇష్టం లేకపోతే గుర్తు పెట్టం, నీళ్లు మాత్రం కొలిచి ఎంతొచ్చిందో చెప్పేసి పోతాం. తర్వాత వద్దనిపించినా ఈ నంబరుకు ఒక ఫోను కొట్టండి, తీసేస్తాం."

ఏం తీసుకుంటున్నారు, ఎందుకు, ఎవరు చూస్తారు, ఎప్పుడు తీసేస్తారు, వద్దంటే ఏమవుతుంది. ఐదు సంగతులూ ఇందులో ఉన్నాయి. వద్దన్నా నీళ్లు కొలుస్తామన్న హామీ చాలా ముఖ్యం. అది లేకపోతే ఒప్పుకోలు బలవంతమే.

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఈ దారిలోనే నడుస్తుంది. సమాచారం తీసుకునే ముందు నోటీసు ఇవ్వాలి. ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో, అంటే తెలుగులో కూడా, దాన్ని చదువుకునే వీలుండాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. 18 ఏళ్లు నిండని పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. గడువు దాకా ఆగాల్సిన పనిలేదు, ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి.

4. వివరాలను రెండు ఫైళ్లుగా విడదీయండి

ఒకే ఎక్సెల్ షీటులో పేరు, ఫోను నంబరు, లొకేషన్, టీడీఎస్, చెప్పిన మాట అన్నీ వరసగా పెట్టడం కొత్తవాళ్లందరూ చేసే పని. ఆ షీటు ఒక్కసారి చెయ్యి జారితే అంతా బయటపడుతుంది.

మొదటి రోజు నుంచే రెండు ఫైళ్లు పెట్టండి. మొదటి దాంట్లో కోడ్, పేరు, ఫోను, కచ్చితమైన లొకేషన్. రెండో దాంట్లో అదే కోడ్, పంచాయతీ పేరు, టీడీఎస్, తేదీ. మొదటి ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, ఇద్దరి దగ్గరే ఉంచండి. రోజూ పని జరిగేది రెండో ఫైలు మీద.

కోడ్ ఇచ్చేటప్పుడు ఇంటి నంబరో, ఫోను చివరి అంకెలో, ఇంటిపేరు మొదటి అక్షరాలో వాడవద్దు. వీధి వరసలో 1, 2, 3 అని కూడా ఇవ్వవద్దు. ఆ వరసే ఇంటిని చూపిస్తుంది. ఏ వరసా లేకుండా కలిపేసిన సంఖ్యలు ఇవ్వండి.

"గుంట వల్లే ఇట్లా అయింది" లాంటి మాటల్ని ఎప్పుడూ చుక్క పక్కన ఉంచకండి. అవి విలువైన మాటలే. అన్ని ఊళ్ల మాటలూ కలిపి, ఎవరిదో తెలియకుండా నివేదికలో రాయండి.

5. దశాంశ స్థానాలు తగ్గించడం నేర్చుకోండి

ఫోను ఇచ్చే లొకేషన్ రెండు సంఖ్యల జత. ఉదాహరణకు 14.50637, 80.31482. ఎవరి ఇంటినీ చూపకుండా ఉండేందుకు, మైపాడుకు తూర్పున నడిసముద్రంలో ఉన్న చోటును తీసుకున్నాను. దశాంశ బిందువు తర్వాత ఎన్ని అంకెలు ఉంటే అంత కచ్చితత్వం. నెల్లూరు ఉన్న అక్షాంశం దగ్గర ఉత్తరం-దక్షిణం ఒక డిగ్రీ దాదాపు 110.6 కిలోమీటర్లు, తూర్పు-పడమర దాదాపు 108 కిలోమీటర్లు. దాని ప్రకారం:

- 5 అంకెలు (14.50637, 80.31482): సుమారు 1 మీటరు. బోరు గొట్టం దాకా.
- 4 అంకెలు (14.5064, 80.3148): సుమారు 11 మీటర్లు. ఒక ఇల్లు.
- 3 అంకెలు (14.506, 80.315): సుమారు 110 మీటర్లు. ఒక వీధి.
- 2 అంకెలు (14.51, 80.31): సుమారు 1.1 కిలోమీటర్లు. ఒక పాళెం.
- 1 అంకె (14.5, 80.3): సుమారు 11 కిలోమీటర్లు. ఉజ్జాయింపుగా ఒక మండలం.

ఆరుబయట కూడా మామూలు ఫోను జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ అవుతుంది. ఆరో అంకె, ఏడో అంకె దాచిపెట్టుకోవడంలో అర్థమే లేదు.

2025 మే 27న తపాలా శాఖ ప్రారంభించిన డిజిపిన్‌కూ ఇదే లెక్క. హైదరాబాద్ ఐఐటీ, ఇస్రోకు చెందిన జాతీయ దూర సంవేదన కేంద్రం కలిసి రూపొందించిన ఈ పది అక్షరాల కోడ్ దేశమంతటినీ దాదాపు 4 మీటర్ల గళ్లుగా విభజిస్తుంది. పది అక్షరాలూ ఇస్తే గుమ్మం ఇచ్చినట్టే. మొదటి ఆరు అక్షరాలే ఉంచితే సుమారు ఒక కిలోమీటరు గడి మిగులుతుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. ఎక్సెల్‌లో "డెసిమల్స్ తగ్గించు" బొత్తాం నొక్కితే అంకెలు కంటికి కనపడవు గానీ గడిలో అలాగే ఉంటాయి. గడి మీద నొక్కితే అన్నీ బయటికొస్తాయి. రౌండ్ ఫంక్షన్ వాడి, వచ్చిన విలువల్ని కొత్త వరసలో విలువలుగా అతికించి, పాత వరసను తొలగించండి. రెండోది, వెబ్ మ్యాపులో పేరు కనపడకుండా చేసినంత మాత్రాన దాచినట్టు కాదు. మ్యాపు వెనక ఉన్న ఫైలును దించుకుంటే అందులో అన్నీ ఉంటాయి. బయటికి ఇచ్చే ఫైలును విడిగా, అవసరమైన వరసలతో మాత్రమే తయారుచేయండి.

6. తీరానికి తగిన పద్ధతి ఎంచుకోండి

పట్నంలో పనికొచ్చే పద్ధతి తీరంలో పనికిరాకపోవచ్చు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

నెల్లూరు పట్టణంలో ఒక చదరపు కిలోమీటరులో వేల మంది ఉంటారు. రెండు దశాంశాలకు కుదిస్తే ఒక ఇల్లు ఆ వేలల్లో కలిసిపోతుంది. పెన్నా కలిసే చోటికి దగ్గరగా, ఇసుక మేటల మధ్య, అదే చదరపు కిలోమీటరులో ఒకే ఒక్క గుడిసె ఉండవచ్చు. ఉపగ్రహ చిత్రం తెరిస్తే గుంట గట్టు మీది ఆ గుడిసె కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. కిలోమీటరు గడిలో దాచినా దాచినట్టు కాదు.

2017 నవంబరులో స్ట్రావా అనే వ్యాయామ యాప్, తన వినియోగదారులు పరుగెత్తిన దారులన్నిటినీ కలిపి ప్రపంచ మ్యాపుగా విడుదల చేసింది. ఎవరి పేరూ లేదు. నగరాల్లో వెలుగు వెలుగులో కలిసిపోయింది. ఎడారుల్లో మాత్రం పరుగెత్తేది సైనికులే కాబట్టి, 2018 జనవరి కల్లా సైనిక స్థావరాల ఆకారాలు బయటపడ్డాయి. జనం పల్చగా ఉన్న ప్రతిచోటా ఇదే ప్రమాదం.

చుక్కను కావాలనే కొంత దూరం జరిపి చూపించడం ఇంకో పద్ధతి. డీహెచ్‌ఎస్ (జనాభా, ఆరోగ్య సర్వే) తరహా సర్వేలు దీన్ని పాటిస్తాయి. ముందు ఇళ్లన్నిటినీ సమూహంగా కలిపి, ఆ సమూహపు చుక్కను పట్టణంలో 2 కిలోమీటర్ల దాకా, పల్లెలో 5 కిలోమీటర్ల దాకా, నూటికి ఒక పల్లె సమూహాన్ని 10 కిలోమీటర్ల దాకా జరుపుతారు. దేశం మొత్తం మ్యాపులో ఇది చక్కగా పనిచేస్తుంది. కాలువకూ కడలికీ మధ్య సన్నటి పట్టీలా ఉన్న ఊళ్లో మీరే చేసి చూడండి. జరిపిన చుక్క సముద్రంలో పడుతుంది, లేదా గుంట మధ్యలో పడుతుంది. నీళ్లలో ఇల్లుండదని ఎవరికైనా తెలుసు. చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక్క పాళెం వైపు చూపు వెళుతుంది. పైగా ప్రతిసారీ కొత్తగా జరిపి కొత్త మ్యాపు విడుదల చేస్తే, వాటన్నిటి సగటు తీసి అసలు చోటును పట్టుకోవచ్చు.

అందుకే తీరంలో పనిచేసే కొత్తవాళ్లకు నా సలహా: చుక్కలు జరపకండి, కలపండి. ఇలా:

మొదట, క్యూజిస్ అనే ఉచిత మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో మీ చుక్కల ఫైలును తెరిచి, దాన్ని యూటీఎం 44 ఉత్తర మండలంలోకి, అంటే 32644 కోడ్‌లోకి మార్చండి. నెల్లూరు ఈ మండలంలోకే వస్తుంది. ఇప్పుడు దూరాలు మీటర్లలో ఉంటాయి.

రెండోది, పంచాయతీ సరిహద్దుల ఫైలు ఉంటే దాన్ని పరచండి. లేకపోతే "క్రియేట్ గ్రిడ్"తో 2 కిలోమీటర్ల గళ్లు గీయండి.

మూడోది, "కౌంట్ పాయింట్స్ ఇన్ పాలిగాన్"తో ఒక్కో గడిలో ఎన్ని బోర్లు ఉన్నాయో లెక్కించండి.

నాలుగోది, 5 కంటే తక్కువ బోర్లున్న గడిని పక్క గడితో కలపండి. కలపడానికి వీల్లేకపోతే "వివరాలు చాలవు" అని రాసి వదిలేయండి. 5 అన్నది కనీసం. యజమానుల పెత్తనం ఎక్కువున్న చోట 10 పెట్టుకోండి.

ఐదోది, చుక్కల పొరను తొలగించి, గళ్ల పొరను మాత్రమే కొత్త ఫైలుగా దాచండి. బయటికి వెళ్లేది ఇదే.

గడిలో పది బోర్లున్నా పదీ ఉప్పవే అయితే, ఆ గడిలో ఎవరి బోరైనా ఉప్పదేనని తేలిపోతుంది. నీళ్ల విషయంలో దాంతో పెద్ద ప్రమాదం లేదు. అదే మ్యాపు ఒక జబ్బు గురించో అప్పుల గురించో అయితే ప్రమాదమే. అప్పుడు గడి ఇంకా పెద్దది చేయాలి, లేదా మ్యాపు మానేసి మండలం మొత్తానికి ఒక్క అంకె ఇవ్వాలి.

7. ఫొటోలు, దారి గీతలు, వేట చోట్లు

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నుంచి లోపలి లొకేషన్ వివరాలు పోతాయి. అదే ఫొటోను "డాక్యుమెంట్"గా పంపితే అలాగే ఉంటాయి. ఈమెయిల్లో, పెన్‌డ్రైవులో ఇచ్చినా ఉంటాయి. ఇంకో సంగతి: లోపలి వివరాలు తీసేసినా బొమ్మ మాట్లాడుతుంది. వెనక రామాలయం, సెల్ టవరు, పడవ మీది రిజిస్ట్రేషన్ నంబరు, గోడ మీది పేరు. నీటి నమూనా ఫొటో కావాలంటే సీసాను, మీటరును దగ్గరగా తీయండి. మనుషుల్నీ ఇంటినీ వదిలేయండి.

సర్వే రోజు మీరు నడిచిన దారిని జీపీఎస్ యాప్ గీతగా దాస్తే, అది మీ ఇంటి దగ్గర మొదలై మీ ఇంటి దగ్గరే ముగుస్తుంది. ఎవరికైనా ఇచ్చే ముందు రెండు కొసలూ కత్తిరించండి. వాట్సాప్ లైవ్ లొకేషన్ 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని మూడు రకాలుగా పంచుకోవచ్చు. భద్రత కోసం బృందంలో ఒకరికి పంపండి, గ్రూపులో పెట్టకండి, ఊరు దాటగానే ఆపేయండి.

మత్స్యకారుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) చేపలు దొరికే అవకాశమున్న ప్రాంతాల సమాచారాన్ని అందరికీ ఇస్తుంది. కానీ ఏళ్ల తరబడి వేట చేసి ఒకాయన తన జీపీఎస్‌లో దాచుకున్న చోట్లు ఆయన కుటుంబానికి ఆస్తి. మీ సర్వేకు అవి అక్కర్లేకపోతే అడగవద్దు. ఆయనే చూపించినా ఫొటో తీయవద్దు.

8. ఊరివాళ్ల కళ్లతో పరీక్షించండి

మ్యాపు పూర్తయ్యాక, దాన్ని తయారుచేయని ఒకరి చేతికివ్వండి. ఆ ప్రాంతం బాగా తెలిసిన మనిషైతే మంచిది. "ఇందులో ఎవరైనా ఫలానా వారని పట్టుకోగలవా?" అని అడిగి గంట సమయం ఇవ్వండి. ఉపగ్రహ చిత్రాలు, పాత వార్తలు, పంచాయతీ జాబితాలు ఏవైనా వాడుకోనివ్వండి. ఒక్క ఇల్లు దొరికినా మళ్లీ ఆరో అంచెకు వెళ్లండి.

జూన్‌లో ఇచ్చిన మ్యాపునూ డిసెంబరులో ఇచ్చిన మ్యాపునూ పక్కపక్కన పెట్టి చూడమనండి. ఒక గడిలో 6 బోర్లు 7 అయ్యాయంటే, ఆ మధ్యలో కొత్తగా బోరు వేయించింది ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు.

9. ఊరికి చూపించండి, గడువుకు తుడిచేయండి

ప్రచురించే ముందు మ్యాపును ఆ ఊరికే తీసుకెళ్లండి. పెద్ద కాగితం మీద ముద్రించి, పెద్దలకు ఒకసారి, ఆడవాళ్లకు విడిగా ఒకసారి చూపించండి. నీళ్లు మోసేది వాళ్లే. ఒక్కో ఇల్లూ దాగినా ఊరంతటికీ చెడ్డపేరు రావచ్చు. నీళ్లు లేని ఊరికి పిల్లనివ్వమన్న మాట మనకు కొత్త కాదు. "మా ఊరి పేరు పెట్టండి, అప్పుడే ట్యాంకు వస్తుంది" అని కొందరు అంటారు. "పెట్టవద్దు" అని కొందరంటారు. రెండూ వినండి, వాళ్లే మాట్లాడుకుని చెప్పనివ్వండి. మీరు ఆ రోజు తిరిగి వెళ్లిపోతారు, ఆ మ్యాపుతో బతకాల్సింది వాళ్లు.

చెప్పిన గడువు రాగానే మొదటి ఫైలును తొలగించండి. ఫోన్లో, కంప్యూటర్లో, క్లౌడ్‌లో, ఈమెయిల్లో, బృందంలోని ప్రతివారి దగ్గరా. తొలగించిన తేదీని పుస్తకంలో రాసి ఇద్దరు సంతకాలు చేయండి.

ఎంత జాగ్రత్తపడినా ఫైలు బయటికి పోయిందనుకోండి. ముందు లింకు తీసేయండి, పాస్‌వర్డులు మార్చండి. ఆ వెంటనే, ఎవరి వివరాలు పోయాయో వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పండి. కొత్త నియమాలు పూర్తిగా అమల్లోకి వచ్చాక సంస్థలు బాధితులకు ఆలస్యం లేకుండా తెలపాలి, డేటా పరిరక్షణ బోర్డుకు 72 గంటల్లోగా పూర్తి వివరాలు ఇవ్వాలి. చట్టం అడిగినా అడగకపోయినా, కాపలా పని పోయే ప్రమాదంలో ఉన్న మనిషికి ఆ సంగతి ముందుగా మన నోట తెలియడం న్యాయం.

బయలుదేరే ముందు చూసుకోవలసినవి

- ప్రశ్న ఒక్క వాక్యంలో రాశామా?
- కెమెరాలో లొకేషన్ ట్యాగ్ ఆపామా?
- సమ్మతి మాటలు తెలుగులో సిద్ధమేనా? వద్దన్నవారికీ సాయం అందుతుందా?
- పేర్ల ఫైలు, కొలతల ఫైలు వేరువేరుగా ఉన్నాయా?
- బయటికిచ్చే మ్యాపులో 5 కంటే తక్కువ బోర్లున్న గడి ఏదీ మిగలకూడదని అనుకున్నామా?
- తొలగించే తేదీ రాసుకున్నామా?

ఇవన్నీ చేస్తే పని కొంత ఆలస్యమవుతుంది, నిజమే. ఊరు నమ్మితే వచ్చే ఏడాది కూడా బోరు మూత తీసి మనల్ని నీళ్లు కొలవనిస్తుంది. ఉప్పునీళ్ల మీద పోరాడాలంటే ఏళ్ల తరబడి కొలతలు కావాలి. ఒక్కసారి నమ్మకం పోతే ఆ కొలతలు ఎవరికీ దొరకవు, మనకూ దొరకవు, మన తర్వాత నిజాయితీగా వచ్చేవాళ్లకూ దొరకవు. కాబట్టి మొదటి ఊరికి వెళ్లే ముందే ఈ జాబితా మీ బృందమంతా కూర్చుని ఒకసారి గట్టిగా చదవండి. ఏదైనా ఒక ప్రశ్నకు "లేదు" అని జవాబు వస్తే, అది సరిచేసిన తర్వాతే ఊళ్లోకి అడుగుపెట్టండి.